బాండ్ కేసులో కంపెనీ కాగితాలు కోర్టుకు రప్పించడం ఎలా?

డిగ్రీలో కెమిస్ట్రీ చదివిన అమ్మాయి జడ్చర్ల వైపు ఓ మందుల కంపెనీ ల్యాబ్‌లో చేరిందనుకుందాం. చేరిన రోజే బాండ్ మీద సంతకం: రెండేళ్లలోపు మానేస్తే లక్షన్నర కట్టాలి. ఎనిమిదో నెలలో మానేసింది. ఆ డబ్బు కోసం కంపెనీ దావా వేసింది, మహబూబ్‌నగర్ కోర్టు నుంచి సమన్లు ఇంటికొచ్చాయి. వకీలు ముందు కూర్చోగానే నోట్లోంచి వచ్చే మొదటి మాట: "వాళ్ల ఫైళ్లన్నీ తెప్పించండి సార్."

అన్నీ తెప్పించరు. అడిగే కాగితం గొడవలో ఉన్న ఏదో ఒక మాటను తేల్చాలి. అందుకే ముందు దావా కాపీ తీసుకుని పేరా పేరా చదవండి. మీరు ఒప్పుకునేవాటిని పెన్సిల్‌తో కొట్టేయండి. చేరిన తేదీ, జీతం, సంతకం మీదేనన్న సంగతి ఒప్పుకుంటే వాటికి కాగితాలతో పనిలేదు.

ఇలాంటి కేసులో చివరికి మిగిలేది తరచూ ఒకే వాక్యం: "శిక్షణకు లక్షన్నర ఖర్చు పెట్టాం." కాంట్రాక్టు చట్టం 1872, సెక్షన్ 74 ప్రకారం బాండ్‌లో రాసిన మొత్తం పై హద్దు మాత్రమే. దానికి మించకుండా, సబబైన పరిహారమే కోర్టు ఇప్పిస్తుంది. కాబట్టి నిజంగా ఎంత ఖర్చయిందన్నదే కీలకం. బాండ్లు అసలు చెల్లవని హాస్టళ్లలో చెప్పుకుంటారు, ఆ మాట నమ్ముకోవద్దు. ఒక ప్రభుత్వ బ్యాంకు పెట్టిన మూడేళ్ల, 2 లక్షల బాండ్‌ను 2025లో సుప్రీంకోర్టు సమర్థించింది.

ఇప్పుడు నోటుబుక్కులో మధ్యన గీత గీయండి. ఎడమ పక్క వాళ్ల వాక్యం, కుడి పక్క దాన్ని తేల్చే కాగితం. "శిక్షణ రికార్డులన్నీ" అని రాస్తే, చెరువంతా వలేస్తున్నారని అవతలి వకీలు ఒక్క మాటతో కొట్టిపారేస్తాడు. ఇలా రాయండి: "2024 జూన్, జులైలో ల్యాబ్ ట్రైనీలకు ఇచ్చామంటున్న శిక్షణ హాజరు పట్టీ, ట్రైనర్‌కు చెల్లించిన బిల్లులు, ఆ రెండు నెలల షిఫ్టు రిజిస్టర్‌లో నా పేరున్న పేజీలు." చివరిదాన్ని వదలకండి. శిక్షణ అంటున్న రోజుల్లోనే ఆమె నైట్ షిఫ్టులో శాంపిళ్లు పరీక్షిస్తూ ఉంటే, ఆ లక్షన్నర లెక్క నిలబడటం కష్టం.

తోటివాళ్ల జీతాలు అడగాలనిపిస్తుంది. ఈ గొడవకు అవి అక్కర్లేదు. అయితే అందరి చేతా ఒకే అచ్చు ఫారం మీద సంతకం పెట్టించారని, బేరమాడే వీలే లేదని మీ వాదన అయితే ఆ ఖాళీ ఫారం అడగొచ్చు. బలంలో పొంతన లేని ఇద్దరి మధ్య రాసుకున్న అన్యాయమైన షరతు చెల్లదని బ్రోజోనాథ్ గంగూలీ కేసులో 1986లోనే సుప్రీంకోర్టు చెప్పింది. వేరేవాళ్ల పేర్లున్న పేజీ ఏదైనా అడగాల్సి వస్తే, ఆ పేర్లు కొట్టేసి ఇచ్చినా చాలని మీరే రాయండి. గోప్యమన్న అభ్యంతరానికి బలం తగ్గుతుంది.

పిటిషన్ సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 11, రూల్ 14 కింద వేస్తారు. కాగితం వాళ్ల దగ్గరే ఉందని మీకెలా తెలుసో అఫిడవిట్‌లో చెప్పాలి: హెచ్‌ఆర్ పంపిన మెయిలో, మీరు రోజూ సంతకం పెట్టిన రిజిస్టరో. సాక్ష్యాలు మొదలుకాకముందే వేస్తే మేలు. మీ పే స్లిప్పులు, వాట్సాప్ మెసేజ్‌లు మీరూ దాఖలు చేయండి. అవి ఉన్న ఫోన్ మాత్రం కేసు తేలేదాకా అమ్మకండి.

ఆదేశించినా కంపెనీ తేకపోతే? తెస్తే తమకే నష్టమని దాచారని జడ్జి భావించే వీలు సాక్ష్య చట్టంలో ఉంది. ఆ మాట మీ వకీలు చేత వాదనలో అనిపించండి.

వకీలు ఫీజుకు డబ్బుల్లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి, ఫోన్ 15100. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును పెడతారు. వెళ్లేటప్పుడు ఆ పెన్సిల్ గీతలున్న దావా కాపీనే పట్టుకెళ్లండి.