మార్చి నెలాఖరు ప్రింట్లు: సంతకం పడకముందే చూసుకోవాల్సినవి

మార్చి 31 దగ్గర పడేకొద్దీ ఆఫీసులో ప్రింటర్ దగ్గర రద్దీ పెరుగుతుంది. జీతాల షీట్లు, స్టాక్ స్టేట్‌మెంట్లు, బిల్లుల జాబితాలు, ఆడిటర్ అడిగే పట్టికలు అన్నీ ఎక్సెల్ నుంచో లిబ్రేఆఫీస్ క్యాల్క్ నుంచో అప్పటికప్పుడు బయటికి రావాలి. కాలమ్ తెగిపోయిన పేజీ, సగం ఖాళీగా వచ్చిన పేజీ పెద్ద సమస్య కాదు. చూడగానే తెలుస్తుంది, చించి మళ్లీ తీసుకుంటాం. చూడ్డానికి నీట్‌గా ఉండి లోపల తప్పు అంకె ఉన్న పేజీతోనే ఇబ్బంది. దాని మీద సంతకం, స్టాంపు పడ్డాక కంప్యూటర్లో ఫైలు తెరిచి పోల్చి చూసేవాళ్లు ఉండరు. అందుకని మార్జిన్ల సంగతి తర్వాత, ముందు అంకెలు చూద్దాం.

ఈ సీజన్లో బాగా దెబ్బతీసేది ప్రింట్ ఏరియా, అంటే షీట్‌లో ఇంతమేరకే ప్రింట్ కావాలని పెట్టే హద్దు. పోయినసారి షీట్ ప్రింట్ తీసినప్పుడు ఎవరో 120వ వరుస వరకు ప్రింట్ ఏరియా పెట్టి ఉంటారు. ఫైలుతో పాటు అదీ సేవ్ అయిపోతుంది. తర్వాత మీరు కింద చేర్చిన 121, 122 వరుసలు స్క్రీన్ మీద కనిపిస్తాయి, కాగితం మీదికి మాత్రం రావు. వరుసగా కింద చేర్చుకుంటూ పోయే రిజిస్టర్లలో అలా ఎగిరిపోయేవి సరిగ్గా మార్చి చివరి ఎంట్రీలే. పేజ్ లేఅవుట్ ట్యాబ్‌లో పాత ప్రింట్ ఏరియా క్లియర్ చేసి మళ్లీ సెట్ చేయండి. క్యాల్క్‌లో ఇది ఫార్మాట్ మెనూలో ప్రింట్ రేంజెస్ కింద ఉంటుంది. ప్రివ్యూలో చివరి పేజీకి వెళ్లి చివరి సీరియల్ నంబరు సరిచూసుకుంటే సరిపోతుంది.

బ్యాంకు ఖాతా నంబర్ల విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఎక్సెల్ ఒక సంఖ్యలో 15 అంకెలే దాచుకుంటుంది. 16 అంకెల ఖాతా నంబరును మామూలు సెల్‌లో టైప్ చేస్తే చివరి అంకె చడీచప్పుడు లేకుండా సున్నా అయిపోతుంది. నంబరు ముందున్న సున్నాలు పోతాయి. 12 అంకెల సంఖ్యనైతే మధ్యలో ప్లస్ గుర్తు పెట్టి కుదించి చూపిస్తుంది. టైప్ చేసేముందే ఆ కాలమ్ ఫార్మాట్‌ను టెక్స్ట్‌గా మార్చాలి. తర్వాత మారిస్తే పోయిన అంకెలు తిరిగి రావు, పాస్‌బుక్ చూసి మళ్లీ కొట్టాల్సిందే. సీఎస్‌వీ ఫైలును (కామాలతో విడదీసిన ఉత్త డేటా ఫైలు) డబుల్ క్లిక్ చేసి తెరిచినా ఇదే గొడవ. డేటా ట్యాబ్ నుంచి ఇంపోర్ట్ చేస్తూ ఆ కాలమ్‌ను టెక్స్ట్ అని చెప్పండి. ఆధార్ నంబర్లు మొత్తంగా కాగితం మీద పెట్టక్కర్లేని చోట చివరి 4 అంకెలు చాలు. ప్రింట్లు ఎక్కడెక్కడ తిరుగుతాయో మన చేతుల్లో ఉండదు.

ఫిల్టర్ పెట్టి ప్రింట్ తీస్తున్నారా? దాగిన వరుసలు కాగితం మీదికి రావు కానీ, మామూలు సమ్ ఫార్ములా వాటిని కూడా కూడేస్తుంది. పైన 40 పేర్లు, కింద 60 మంది టోటల్! సబ్‌టోటల్ ఫంక్షన్ వాడితే కనిపించే వరుసలనే కూడుతుంది. అందులో బ్రాకెట్ తెరవగానే మొదట 9 ఇస్తే ఫిల్టర్ దాచినవి వదిలేస్తుంది. చేత్తో హైడ్ చేసినవి కూడా వదలాలంటే 109 ఇవ్వాలి.

పైసల తేడా చిన్నదే, అయినా ఆడిట్‌లో అదే తలనొప్పి. ఒక సెల్‌లో 10.40, ఇంకో సెల్‌లో 10.40 ఉన్నాయనుకోండి. దశాంశాలు కనిపించకుండా ఫార్మాట్ చేస్తే 10, 10 అని ప్రింటై, కింద టోటల్ 21 వస్తుంది. క్యాలిక్యులేటర్ పట్టుకున్న మనిషికి అది తప్పే. ఫార్మాట్‌తో దాచకండి, ప్రతి వరుసలో రౌండ్ ఫంక్షన్ పెట్టండి.

తేదీలు: టుడే ఫార్ములా ఉన్న బిల్లును మార్చి 30న తయారుచేసి ఏప్రిల్ 2న ఇంకో కాపీ తీస్తే, దాని మీద ఏప్రిల్ 2 పడుతుంది. అంటే కొత్త ఆర్థిక సంవత్సరం! పేజీ హెడర్‌లో పెట్టే డేట్ కోడ్ కూడా ఇంతే. తేదీ చేత్తో టైప్ చేయండి. కంట్రోల్ నొక్కి సెమీకోలన్ కొట్టినా ఆ రోజు తేదీ శాశ్వతంగా పడుతుంది. కంప్యూటర్ రీజియన్ అమెరికాది అయితే 05/04 మే 4 అయిపోతుంది, 25/03 తేదీ కాకుండా ఉత్త అక్షరాలుగా మిగిలిపోతుంది. అలైన్‌మెంట్ ఎవరూ మార్చని కాలమ్‌లో కొన్ని తేదీలు ఎడమకు, కొన్ని కుడికి అంటుకుని ఉంటే అనుమానించండి.

ఫార్ములాలు పాత అంకెలే చూపిస్తుంటే క్యాల్క్యులేషన్ మాన్యువల్‌లో ఉందేమో చూసి ఎఫ్9 కొట్టండి.

ఇక పేజీ సంగతి. కాగితం సైజు ఏ4 ఉందా, లెటర్ ఉందా చూడండి. ఏ4 210×297 మిల్లీమీటర్లు, లెటర్ సుమారు 216×279. ట్రేలో ఒకటి, సెట్టింగ్‌లో ఒకటి ఉంటే అంచులు తెగుతాయి. వెడల్పు 1 పేజీకి కుదించమని చెప్పి, ఎత్తు గడిని ఖాళీగా వదిలేయండి. రెండూ 1 పెడితే మూడొందల వరుసలు ఒకే పేజీలో చీమల బారులా వస్తాయి. స్కేల్ 60 శాతం కంటే తగ్గిందంటే నా లెక్కలో అది చదివే కాగితం కాదు. లీగల్ సైజులో అడ్డంగా తీయండి, లేదా అక్కర్లేని కాలమ్‌లు దాచండి. హెడింగ్ వరుస ప్రతి పేజీలో రావాలంటే ప్రింట్ టైటిల్స్‌లో ఇవ్వాలి. ట్యాగ్ కట్టడానికి ఎడమవైపు 2 సెంటీమీటర్లకు తగ్గకుండా వదలండి.

ప్రివ్యూలో పేజీల సంఖ్య వందల్లో చూపిస్తే టెన్షన్ పడొద్దు. కంట్రోల్, ఎండ్ కలిపి నొక్కితే ఎక్కడో అడుగున పడిన చుక్కో, స్పేసో ఉన్న సెల్ వైపు తీసుకెళ్తుంది. ఆ ఖాళీ వరుసలు డిలీట్ చేసి సేవ్ చేయండి.

తెలుగు పేర్లున్న షీట్లలో వరుస ఎత్తు కాస్త పెంచండి, లేకపోతే కింది ఒత్తులు తెగుతాయి. అను లాంటి పాత ఫాంట్లలో కొట్టిన ఫైలును ఆ ఫాంట్ లేని జెరాక్స్ షాపు కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి గుర్తులే. పెన్‌డ్రైవ్‌లో ఎక్సెల్ ఫైలుతో పాటు పీడీఎఫ్ కూడా వేసుకెళ్లండి. పీడీఎఫ్‌లో ఫాంట్లు, పేజీల విరుపు అలాగే నిలుస్తాయి. అక్కడ ప్రింట్ ఇచ్చేటప్పుడు యాక్చువల్ సైజ్ అని చెప్పండి.

మొదట ఒక్క పేజీ తీసి చూసి, మిగతావి తర్వాత ఇవ్వండి. ఫుటర్‌లో ‘మొత్తం ఇన్నింటిలో ఇన్నో పేజీ’ అని వచ్చేలా పెట్టుకుంటే, మధ్యలో కాగితం జామ్ అయినా ఏవి ఆగిపోయాయో తెలుస్తుంది, ఆ పేజీలే మళ్లీ తీసుకోవచ్చు. ఈలోగా ఫైల్లో ఏదైనా అంకె మార్చి ఉంటే మాత్రం మొదటి నుంచీ తీయాలి, పాత కట్టను అక్కడే చించేయాలి.