పాత మారుతి 800 గేర్ రాడ్ లొడలొడ అంటోందా

మన వరంగల్ దిక్కు ఇంకా మస్తు మంది దగ్గర పాత మారుతి 800 లు ఉన్నయి కదా, వాటిల గేర్ రాడ్ న్యూట్రల్ల పెట్టినా గంటె లెక్క ఊగుతుంటే గేర్‌బాక్స్ పోయిందని భయపడకుండ్రి, ముందు కింద బుష్‌లు (రాడ్ అతుకుల్ల ఉండే చిన్న రబ్బర్ లేదా ప్లాస్టిక్ రింగులు) చూడుండ్రి. గేర్‌బాక్స్ ముంగట ఇంజన్ కాడ ఉంటది, మీ చేతిల ఉన్న రాడ్ నుంచి కింద పొడుగు రాడ్ ఒకటి అక్కడిదాకా పోతది, ఆ అతుకు కాడి బుష్‌లు అరిగితే ఈ లూజ్ వస్తది.

నేను చేసింది చెప్త. సైలెన్సర్ సల్లారినంక బండిని స్టాండ్‌ల మీద ఎక్కించిన (ఒక్క జాకీ నమ్ముకొని కిందికి అస్సలు పోవద్దు), మా తమ్ముడు లోపల గేర్ రాడ్ ఊపిండు, నేను కింద టార్చ్ పట్టుకొని చూసిన. రాడ్ కదుల్తుంది గని దాని పక్క ముక్క కదల్తలేదు, దొరికింది జాగ.

పాత బుష్ చేతిల పట్టుకపోయి ఆటోనగర్‌ల దాన్ని పోల్చి తెచ్చుకోండ్రి, బోల్ట్ కూడా అరిగితే అదీ మార్చుండ్రి, లేకుంటే కొత్త బుష్ తొందరగనే పోతది. సన్నగ గ్రీజు పెట్టి బిగించండ్రి గని మరీ గట్టిగ వద్దు, గేర్ బరువైతది.

బుష్ బదులు సైకిల్ ట్యూబు ముక్క చుట్టుడు మాత్రం వద్దే వద్దు, నడిరోడ్డు మీద ఊడితే గేరే పడదు.

యాక్సిలరేటర్ తొక్కినప్పుడే ఊగితే మాత్రం ఇంజన్ మౌంటింగ్‌లు (ఇంజన్‌ను బండికి పట్టి ఉంచే రబ్బర్ దిమ్మెలు) చూపియ్యుండ్రి.