పానగల్ గుడిలో ఫొటోలు తీసే ముందు

నల్గొండ పక్కనే పానగల్‌లో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. అక్కడి స్తంభాల చెక్కడం స్పష్టంగా, వెనక భాగం మసకగా రావాలంటే చిన్న డిజిటల్ కెమెరాతో కాస్త కష్టమే. దాని సెన్సర్ (వెలుతురును ఫొటోగా మార్చే చిప్) వెడల్పు చాలా మోడళ్లలో 6 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. అంత చిన్నది కాబట్టే ముందూ వెనకా అన్నీ స్పష్టంగానే వచ్చేస్తాయి. కెమెరా పైకి తీసే ముందు ఇవి చూసుకోండి.

– డిజిటల్ జూమ్ (ఫొటోను కత్తిరించి పెద్దది చేసేది) ఆపేశారా? లెన్స్ జూమ్ మాత్రమే వాడాలి.

– స్తంభం వెనక ఏముంది? అన్నిటికంటే ముఖ్యం ఇదే. గోడ అడుగు దూరంలోనే ఉంటే ఏ సెట్టింగూ మసక తేలేదు. వెనక ఖాళీ ఆవరణ కనిపించేలా పక్కకు జరగండి. తర్వాత జూమ్ పెంచి, ఫోకస్ కుదిరినంత దగ్గరికి వెళ్లండి. జూమ్‌లో మరీ దగ్గరికి వెళ్తే ఫోకస్ దొరకదు, ఒక అడుగు వెనక్కి వేయండి.

– అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) అంకె చిన్నదిగా పెట్టండి. కొన్ని చౌక కెమెరాల్లో అంకె మారినా లోపల రంధ్రం మారదు, వెలుతురు తగ్గించే ఫిల్టర్ అడ్డం వస్తుందంతే. వాటిలో దూరాల మీదే ఆధారపడాలి.

– పిల్లలమర్రి లాంటి పెద్ద చెట్టు మొత్తం స్పష్టంగా కావాలంటే జూమ్ పూర్తిగా తగ్గించండి. అపర్చర్ అంకెను 8 దాకా పెంచితే ఫొటో మెత్తబడుతుంది, 4 దగ్గరే ఆగండి.

– గుడి లోపల వెలుతురు తక్కువ. జూమ్‌లో చెయ్యి వణికితే శిల్పమే మసకబారుతుంది. మోచేతులు పక్కలకు ఆనించి, రెండు సెకన్ల టైమర్ పెట్టుకోండి.

– లోపల ఫొటోలు తీయొచ్చా అని పూజారిగారిని ముందే అడగండి.