పండక్కి ఊరెళ్లే ముందు కార్డులు, ఫోను, ఆధార్ సంగతి చూసుకోండి

మొన్న విశాఖ ఆర్‌.కె. బీచ్‌లో మురీ మిక్చర్ కొనుక్కున్నాను. తినడం అయ్యాక పొట్లం విప్పి చూస్తే అది ఎవరో ఒకావిడ ఆధార్ జిరాక్స్. పేరు, పుట్టిన తేదీ, ఇంటి అడ్రసు, పన్నెండు అంకెలూ స్పష్టంగా ఉన్నాయి. కింద సంతకం కూడా. ఎప్పుడో సిమ్ కోసమో, లాడ్జిలో గది కోసమో ఇచ్చి ఉంటారు. ముక్కలు ముక్కలుగా చింపేశాను గానీ ఇంటికొచ్చాక కూడా అదే ఆలోచన. నేనిచ్చిన జిరాక్సులు ఎన్ని, ఎక్కడెక్కడ ఉన్నాయో!

సంక్రాంతి దగ్గరికొచ్చింది. జగదాంబలో, గాజువాకలో బట్టల షాపులు కిటకిటలాడతాయి. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు ఎక్కడమే గగనమవుతుంది. మన కార్డు, నంబరు, ఆధార్ ఎక్కువమంది చేతుల్లో పడేది ఈ రోజుల్లోనే. భోగికి వారం ముందే ఒక గంట తీరిక చేసుకోండి.

ముందు బ్యాంకు కార్డు. "బస్సులో పక్కనున్నవాడు కార్డు మెషీన్ జేబుకి ఆనిస్తే డబ్బు పోతుందా?" అని మా పిన్ని ప్రతి పండక్కీ అడుగుతుంది. వైఫై గుర్తులాంటిది ఉన్న కార్డులో చిన్న యాంటెన్నా ఉంటుంది. నాలుగైదు సెంటీమీటర్ల దగ్గరకొస్తేనే అది మెషీన్‌తో మాట్లాడుతుంది. ప్రతి లావాదేవీకీ చిప్ కొత్త కోడ్ పుట్టిస్తుంది కాబట్టి పాత కోడ్ కాపీ కొట్టినా పనికిరాదు. పైగా ఆ మెషీన్ ఏదో ఒక బ్యాంకు ఖాతాకి కట్టి ఉంటుంది, దొంగ దొరికిపోతాడు. అందుకే ఈ భయం కాస్త తగ్గించుకోవచ్చు. కానీ కార్డే పోతే మాట వేరు. పిన్ లేకుండా ఒక్కో ట్యాప్‌కి, అంటే కార్డు మెషీన్‌కి ఆనించిన ప్రతిసారీ, 5,000 రూపాయల దాకా వెళ్లిపోతుంది. 2021 జనవరి నుంచి పరిమితి అంత. బ్యాంకు యాప్‌లో ట్యాప్ పేమెంట్ ఆపేసే స్విచ్, రోజువారీ పరిమితి తగ్గించే వీలు రెండూ ఉంటాయి. విదేశీ వాడకం తప్పకుండా ఆఫ్ చేయండి. బయటి దేశాల వెబ్‌సైట్లు కొన్ని ఓటీపీ అడగకుండానే డబ్బు లాగేస్తాయి.

నాకు అసలు బెంగ దొంగల గురించి కాదు, మనమే ఇచ్చేసే వివరాల గురించి. బిల్లు కౌంటర్లో "మేడమ్, నంబర్ చెప్పండి" అనగానే నోరు దానంతట అదే పది అంకెలూ చెప్పేస్తుంది. వెనక లైన్లో ఉన్నవాళ్లు కూడా వింటారు. ఏం కొన్నాం, ఎప్పుడు, ఎంతకి, అన్నీ ఆ నంబరు పక్కన చేరతాయి. పోయిన దసరాకి ఒక షాపులో అలా చెప్పాక నెల రోజులు లోన్ కాల్స్‌తో విసిగిపోయాను. నంబరు ఇవ్వకపోతే అమ్మం అనకూడదని 2023 మేలోనే కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ షాపులకి చెప్పింది. "నంబరొద్దు, కాగితం బిల్లు ఇవ్వండి" అనండి. మొహమాటపడకండి.

ఆధార్ ఎవరైనా అడిగితే చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ సైట్లో ఉచితంగా డౌన్‌లోడ్ అవుతుంది. జిరాక్స్ ఇవ్వక తప్పకపోతే దేనికి ఇస్తున్నారో, ఏ తేదీనో దాని మీద అడ్డంగా రాయండి. నెట్ సెంటర్లో ప్రింట్ తీయిస్తే వాళ్ల కంప్యూటర్లోంచి ఫైల్ డిలీట్ చేయించాకే కదలండి.

వేలిముద్ర లాక్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. భూముల రిజిస్ట్రేషన్ కాగితాల మీది ముద్రలతో నకిలీ వేళ్లు తయారుచేసి ఆధార్ ద్వారా డబ్బు తీసిన కేసులు మన దేశంలో ఉన్నాయి. అదే యూఐడీఏఐ సైట్లో వేలిముద్రలు పనిచేయకుండా ఆపే బయోమెట్రిక్ లాక్ చేస్తే ఆ దారి మూసుకుంటుంది. అయితే ఊళ్లో అమ్మానాన్నలకి చేసేముందు ఆలోచించండి. రేషన్‌కి వేలు పెట్టాల్సినవాళ్లకి మీరు లాక్ చేసేసి విశాఖ వచ్చేస్తే డీలరు దగ్గర మెషీన్ తీసుకోదు, వాళ్లు ఉత్త చేతులతో తిరిగొస్తారు. అన్‌లాక్ చేయడం ఇంట్లో ఒకరికి నేర్పించాకే చేయండి.

కారులో వెళ్లేవాళ్లకి ఒక మాట. నాతవలస టోల్ గేటు దాటినా, ఇటు వేంపాడు టోల్ గేటు దాటినా ఫాస్టాగ్‌కి కట్టిన నంబరుకి మెసేజ్ పోతుంది, ఏ టోల్ గేటో, ఎన్ని గంటలకో సహా. పాత కారు కొన్నారా? ముందు ఓనరు ట్యాగ్ తీయించి మీ పేరున కొత్తది వేయించుకోండి. లేదంటే మీ ప్రయాణమంతా ఆయన ఫోన్లో తెలుస్తుంటుంది. కారు అమ్మినవాళ్లూ తమ ట్యాగ్ మూసేయాలి, లేకపోతే టోల్ వాళ్ల ఖాతాలోంచే పోతుంది.

ఫోన్లో లొకేషన్ అనుమతులు ఒకసారి తెరిచి చూడండి. టార్చ్ యాప్‌కి మీరెక్కడున్నారో ఎందుకు? ఇంటివాళ్లకి లైవ్ లొకేషన్ పంపాలంటే వాట్సాప్‌లో గంటో, ఎనిమిది గంటలో పెట్టండి, తర్వాత దానంతట అదే ఆగిపోతుంది. "అందరం ఊరొచ్చేశాం" అని ముగ్గు ఫొటోతో స్టేటస్ మాత్రం తిరిగొచ్చాకే పెట్టండి. తాళం వేసిన ఇల్లు ఏదో దొంగకి మనమే చెప్పినట్టవుతుంది.

బ్యాంకు కార్డు బ్లాక్ చేసే నంబరు, సైబర్ హెల్ప్‌లైన్ 1930 ఒక కాగితం మీద రాసి పర్సులో కాకుండా బట్టల బ్యాగులో పెట్టుకోండి. పర్సు, ఫోను రెండూ ఒకేసారి పోవచ్చు. మీ తప్పు లేకుండా వేరేవాళ్లు డబ్బు లాగేస్తే, బ్యాంకు మెసేజ్ వచ్చిన మూడు పనిదినాల్లోపు చెప్పినవాళ్లకి నష్టం పడకూడదని రిజర్వ్ బ్యాంకు 2017లోనే నియమం పెట్టింది. పండగ సెలవులు కదా, కనుమ వెళ్లాక చూద్దాం అనుకోకండి. అదే రోజు ఫోన్ చేసి, ఫిర్యాదు నంబరు రాసుకోండి.