బోరు నీటిలో ఎలక్ట్రిక్ ఎల్లో సిక్లిడ్ పెంపకం

అక్వేరియం దుకాణాల్లో ఎలక్ట్రిక్ ఎల్లో పేరుతో అమ్మే లాబిడోక్రోమిస్ సెరూలియస్ ఆఫ్రికాలోని మలావి సరస్సులో రాళ్ల సందుల్లో బతికే సిక్లిడ్ కుటుంబపు చేప, పీహెచ్ 7.8 నుంచి 8.6 వరకు ఉండే కఠిన జలం దానికి అనుకూలం. అందువల్ల పప్పు ఉడకనివ్వని, గిన్నెల మీద తెల్లని చారలు మిగిల్చే బోరు నీరే శ్రీకాకుళం ఇంట్లో ఈ చేపకు మేలు, ఆర్వో నీరు పోయనక్కరలేదు. కుళాయి నీరైతే క్లోరిన్ పోగొట్టే మందు తప్పదు.

నాలుగడుగుల పొడవు, అడుగున్నర చొప్పున వెడల్పు, ఎత్తు ఉన్న తొట్టెలో సుమారు 250 లీటర్లు పడతాయి. ఆరు నుంచి ఎనిమిది పిల్లలకు అది చాలును. టెక్కలి వైపు గ్రానైట్ కోతల్లో మిగిలిన ముక్కలను రాతిపొడి పోయేదాకా కడిగి, ముందుగా తొట్టె అడుగున కదలకుండా పేర్చి, ఆ తరువాతే వంశధార ఇసుక పోయాలి. ఇసుక మీద రాళ్లు పెడితే చేపలు కింద తవ్వి వాటిని పడగొడతాయి. కళింగపట్నం తీరపు ఇసుకలో ఉప్పుంటుంది కనుక దాని జోలికి పోకపోవడమే మంచిది.

చేపల విసర్జనలోని అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా ఫిల్టర్‌లో స్థిరపడడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. క్షారగుణం గల నీటిలో అమ్మోనియా మరింత విషపూరితం కాబట్టి ఈ చేపను తొట్టెలో వదలడానికి తొందర పనికిరాదు. ఆపైన వారానికోసారి పావు వంతు నీరు మార్చాలి. బోరు నీటిని రాత్రంతా టబ్బులో ఉంచి, ఎయిర్ పంపుతో గాలి పట్టించి వాడాలి.

వీటికి 24 నుంచి 27 డిగ్రీల నీరు సరిపోతుంది, హీటరు అవసరం అరుదు. వేసవిలో మూత తీసి, వల కప్పి, నీటి మీదుగా ఫ్యాను గాలి తగలనివ్వాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు పలాస ప్రాంతంలో రోజుల తరబడి కరెంటు లేదు. చేపల కంటే ముందు బ్యాటరీ ఎయిర్ పంపు కొనమని చెప్పేది అందుకే. కరెంటు లేనంతకాలం మేత ఆపాలి.

దవడ కింద ఉబ్బి, మేత ముట్టక, ఏదో నములుతున్నట్టు నోరు కదిలించే ఆడచేప నోట్లో గుడ్లు మోస్తున్నదని గుర్తించాలి. మూడు నాలుగు వారాల్లో పిల్లలను వదిలేవరకు దానిని వలతో తరిమితే బెదిరి గుడ్లు ఉమ్మివేయవచ్చు.