మిట్టమధ్యాహ్నం సోలార్ ఇన్వర్టర్ ఆగిపోతోందా? మా ఇంట్లో ఇలా సర్దుకుంది

విజయనగరంలో మాది 3 కిలోవాట్ల సోలార్. సూర్యఘర్ (కేంద్రం ఇచ్చే సోలార్ సబ్సిడీ పథకం) వచ్చాక మా వీధిలో చాలా డాబాల మీద ప్యానెళ్లు లేచాయి, అప్పట్నుంచి ఎండ బాగా కాసే వేళకే ఇన్వర్టర్ 'గ్రిడ్ ఓవర్ వోల్టేజ్' (కరెంటు లైన్లో వోల్టేజ్ ఎక్కువైంది) అని చూపించి ఆగడం, కాసేపటికి మళ్లీ మొదలవడం. రీసెట్ చేశాం, ప్యానెళ్లు కడిగాం, ఎర్తింగ్ కొత్తగా వేయించాం, లాభం లేదు.

అన్ని ఇళ్ల సోలార్ కరెంటూ ఒకేసారి లైన్లోకి వెళ్తే వోల్టేజ్ పెరుగుతుంది. మన దగ్గర మామూలు వోల్టేజ్ 230కి పది శాతం పైన, అంటే 253 వోల్టులు దాటితే ఇన్వర్టర్ రెండు సెకన్లలో తప్పుకోవాలని రూలు. పాపం దాని పని అది చేస్తోంది.

ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, ఎండ దంచుతున్నప్పుడు ఒకే మల్టీమీటరుతో ముందు ఇన్వర్టర్ దగ్గర, వెంటనే కింద మీటరు దగ్గర కొలిపించాను. పైన 254, కింద 247. ఆ ఏడు వోల్టులూ మా ఇంటి వైరులోవే! డాబా నుంచి మీటరు దాకా 30 మీటర్లూ 4 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల) అల్యూమినియం వైరు లాగారు మరి. సన్న వైరులోంచి కరెంటు నెట్టాలంటే ఇన్వర్టర్ దగ్గర వోల్టేజ్ అంత పెరగాల్సిందే. ఇన్వర్టర్, మెయిన్ రెండూ ఆపించి, దాని బదులు 10 స్క్వేర్ రాగి వైరు వేయించాం. ఐసోలేటర్‌లో (సోలార్ లైనును విడదీసే స్విచ్చు) ఒక స్క్రూ చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకి మాడి ఉంది, అదీ మార్చాడు. ఇప్పుడు పైన 249, ఆగడం లేదు.

అందరికీ ఇదే పనిచేస్తుందని చెప్పలేను. మీటరు దగ్గరే 250 దాటుతుంటే వైరు మార్చడం దాదాపు డబ్బు దండగే, ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ (వోల్టేజ్ తగ్గించే, పెంచే సర్దుబాటు) మార్చడమో, ఇళ్లను మూడు ఫేజుల మీదా సమంగా సర్దడమో కరెంటు ఆఫీసు వాళ్లే చూడాలి. అర్జీతో పాటు మధ్యాహ్నం రీడింగ్ ఫొటో కూడా ఇవ్వండి.