వార్డులో జట్టు కుదరకపోతే ముందు ఆయమ్మను అడగండి

లక్షణం: డాక్టరుగారు చెప్పిన పని వార్డులో జరగదు. సిస్టర్‌ని అడిగితే మందు రాలేదంటుంది, ఫార్మసీలో ఇండెంట్, అంటే మందులు కావాలని వార్డు రాసే చీటీ, అందలేదంటారు, డయాలసిస్ టెక్నీషియన్ ఎవరితోనూ మాట్లాడడు. చివరికి పెద్దసారు గదిలో మీటింగ్, టీ, 'అందరూ కలిసి పనిచేయాలి' అని ఒక సర్క్యులర్. వారం తిరక్కుండా మళ్ళీ అదే గొడవ.

మీటింగ్ తర్వాత పెట్టుకోవచ్చు. ముందు ఉదయం రౌండ్స్‌లో మంచం దగ్గర ఎవరున్నారో చూడండి. డాక్టరు, జూనియర్లు, ఇన్‌ఛార్జి సిస్టర్ ఉంటారు. ఆ రోగికి ఇంజక్షన్ ఇవ్వాల్సిన స్టాఫ్ నర్సు మాత్రం ట్రాలీ దగ్గర ఉంటుంది, ఎందుకంటే మందులిచ్చే వేళా అదే. రౌండ్స్ వేళని అరగంట అటో ఇటో మారిస్తే సగం తగాదాలు పోతాయి. ఇది ఎన్నిసార్లు చెప్పానో! ఒక్కరూ చూడరు.

అది సరిచేసినా కుదరకపోతే అసలు దొంగ వేరే ఉన్నాడు. నేను దెబ్బతిన్నది అక్కడే.

శ్రీకాకుళం జిల్లాలో ఒక ఆసుపత్రి. కవిటి వైపు నుంచి వచ్చిన కిడ్నీ రోగి, డయాలసిస్ మీద ఉన్నాడు. ఎన్నిసార్లు రక్తం తీసినా పొటాషియం ఆరు పైనే. 5.5 దాటితేనే మాకు టెన్షన్, ఇంకా పెరిగితే గుండె లయ తప్పుతుంది. డాక్టరుగారికి మిషన్ మీద అనుమానం. టెక్నీషియన్ నాలుగు గంటలు పూర్తిగా నడిపానంటాడు. డైటీషియన్ రోగే అబద్ధం చెబుతున్నాడని తేల్చేసింది. ల్యాబ్ వాళ్ళనీ వదల్లేదు. మూడు రోజులు ఒకరి మీద ఒకరు రాసుకున్నారు. నేనూ రాశాను.

నాలుగో రోజు పొద్దున్నే మంచం కింద ఖాళీ కొబ్బరిబొండాం కనబడింది. ఆయమ్మను అడిగితే దాచలేదు. "నీరసంగా ఉన్నాడు కదమ్మా, సత్తువొస్తాదని రోజూ ఒకటి తెచ్చిచ్చినాను. వద్దని నాకెవులూ సెప్పలేదు" అంది. కవిటి ఉన్న ఉద్దానం కొబ్బరితోటల సీమ. అక్కడ కొబ్బరినీళ్ళు వద్దనడమంటే ఇంటి చెట్టునే తప్పుపట్టడం. అందులో పొటాషియం ఎక్కువన్న సంగతి కేస్‌షీట్లో ఇంగ్లీషులో, డైట్ చార్టులో రాసే ఉంది. రోగి నోటికి అందించే మనిషికి మాత్రం చేరలేదు.

జట్టుకి పట్టిన ఈ జబ్బు అంత తేలిగ్గా దొరకదు. చదువుకున్న నలుగురూ తమ పని తాము సరిగ్గానే చేశారు, అందుకే ప్రతివాడికీ ఎదుటివాడే దోషిగా కనబడతాడు. మధ్యలో 'సరే సార్' అనే మాట ఒకటి. విన్నానని చెప్పడానికీ అదే, అర్థం కాలేదని దాచడానికీ అదే. మన వైపు పెద్దవాళ్ళ ముందు మళ్ళీ అడగడం మర్యాద కాదు. రాత్రి ఫోన్లో డోసు మార్చినప్పుడు ఈ మర్యాదే ప్రాణం మీదికి తెస్తుంది.

పరిష్కారం: 'సరే సార్' ఒప్పుకోవద్దు. మందు పేరు, డోసు, వేళ తిరిగి చెప్పించుకోండి. ఇది డాక్టరే మొదలుపెట్టాలి. మళ్ళీ అడిగిన నర్సు మీద ఒక్కసారి కసిరితే ఆర్నెల్లు ఎవరూ నోరు తెరవరు. ఉదయం ఎనిమిది, మధ్యాహ్నం రెండు, రాత్రి ఎనిమిది డ్యూటీ మార్పులు టేబుల్ దగ్గర కాదు, మంచం దగ్గరే జరగాలి, ఆయమ్మ పక్కనుండగా. మంచం తలవైపు తెలుగులో పెద్ద అక్షరాలతో రాయండి: 'కొబ్బరినీళ్ళు, అరటిపండు వద్దు.' చదవడం రానివాళ్ళకు నోటితో చెప్పి, తిరిగి చెప్పించుకోండి. ఇచ్ఛాపురం వైపు ఒడియా మాట్లాడే వాళ్ళుంటారు, ఆ భాష వచ్చిన మనిషిని పిలవండి.

ఆపరేషన్ థియేటర్‌దీ ఇదే కథ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఇచ్చిన 19 అంశాల చెక్‌లిస్ట్‌లో, కోత పెట్టేముందు అందరూ తమ పేరు, పని చెప్పుకోవాలని ఉంది. చెప్పకుండానే టిక్కు పెట్టేస్తారు.

ఇక నిజంగా పడనివాళ్ళు, పాత కక్షలు, కంప్యూటర్ ఎంట్రీ తప్పులు. ఉంటాయి, తక్కువే. పైవి చూశాకే వాటి జోలికి వెళ్ళండి.

బాగుపడిందో లేదో తెలియాలంటే రాత్రి తొమ్మిదికి చెప్పకుండా వార్డుకి వెళ్ళి, "ఈ మంచం మీదున్నాయనకి ఏటివ్వకూడదు?" అని ఆయమ్మను అడగండి. ఆమె సిస్టర్ వైపు చూసిందంటే రేపటి రౌండ్స్ నుంచి మళ్ళీ మొదలుపెట్టండి.